మీకు తెలుసా? అరకు దారి ఇనుము కోసం పుట్టింది

తగరపువలస వంతెన కింద పారే గోస్తనీ ఎక్కడ పుట్టిందని మన పిల్లల్ని అడిగితే బొర్రా గుహల దగ్గరని ఠక్కున చెబుతారు. ఆ గుహల నెత్తిమీదుగానే ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బండ్లు రాత్రీ పగలూ వెళ్తుంటాయన్న సంగతి మాత్రం పెద్దవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. అనంతగిరి కొండల నుంచి మన వైపు దిగేవి రెండు. ఒకటి గోస్తనీ. తాటిపూడి జలాశయంలో కాసేపు ఆగి, మన ఊరి పక్కగా పోయి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండోది కేకే లైను. శృంగవరపుకోట, కొత్తవలస మీదుగా విశాఖ ఓడరేవుకు చేరుతుంది. ఈసారి సంగతులన్నీ ఆ రెండోదాని గురించే.

జపాన్ కోసం వేసిన పట్టాలు

కేకే అంటే కొత్తవలస–కిరండూల్. పొడవు సుమారు 446 కిలోమీటర్లు. మన దగ్గర మొదలై, ఒడిశాలో కోరాపుట్, జయపురం దాటి, ఛత్తీస్‌గఢ్‌లో జగదల్‌పూర్ మీదుగా దంతెవాడ జిల్లా అడవుల్లో ఆగుతుంది. ఆ చివర ఉన్నవి బైలదిల్లా కొండలు. నూటికి 65 పాళ్ళ దాకా ఇనుము ఉన్న హెమటైట్ రాయి అక్కడ గుట్టలు గుట్టలుగా ఉంది. ప్రపంచంలో ఇంత మేలైన ఖనిజం దొరికే చోట్లు తక్కువ.

ఈ దారిని ప్రయాణికుల కోసం వెయ్యలేదు. అరకు అందాల కోసం అసలే కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ ఉక్కు కర్మాగారాలు జోరు మీద ఉన్నాయి, అక్కడ చూస్తే ఖనిజం లేదు. 1960లో భారత్, జపాన్ మధ్య ఒప్పందం కుదిరింది. ఏటా 40 లక్షల టన్నులు బైలదిల్లా నుంచి, మరో 20 లక్షల టన్నులు కిరిబురు గనుల నుంచి, మొత్తం విశాఖ రేవు గుండా పంపాలి. రేవుకు గనికి మధ్య అడవులు, కొండలు, వాగులే తప్ప రైలు లేదు. అందుకే దండకారణ్య–బొలంగీర్–కిరిబురు ప్రాజెక్టు అనే పెద్ద పథకం తయారైంది. మన కేకే లైను అందులో అన్నిటికంటే కష్టమైన ముక్క. 1966–67 నాటికి పట్టాలు పూర్తయ్యాయి. 1968లో బైలదిల్లా 14వ నంబరు నిక్షేపంలో తవ్వకం మొదలైంది. తవ్వే బాధ్యత 1958లో పుట్టిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థది. మనమంతా ఎన్‌ఎండీసీ అని పిలిచే ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. బచేలి, కిరండూల్ ఊళ్ళలో తెలుగు కుటుంబాలు అంతగా స్థిరపడటానికి కారణం కూడా ఈ గనులే.

అద్దాల బోగీలో కూర్చుని అరకు వెళ్ళేవాళ్ళు దారిలో ఏదో చిన్న స్టేషన్లో బండి ఆగిపోతే విసుక్కుంటారు. అవతల ఖనిజం బండి వస్తుంటుంది. ఈ దారి పుట్టింది ఆ బండి కోసమే. విస్టాడోమ్ అనే ఆ అద్దాల బోగీ వచ్చింది 2017లో. ఖనిజం అప్పటికే దాదాపు అర్ధ శతాబ్దంగా ఇక్కడ ప్రయాణిస్తోంది.

నిండినా వెలితిగానే కనిపించే వ్యాగన్

కొత్తవలస వైపు గేటు దగ్గర ఆగినప్పుడు, పైవంతెన మీద నుంచి చూసినప్పుడు చాలామంది ఒక మాట అంటారు: "ఇదేమిటి, సగమే నింపి పంపేస్తున్నారు!" నిజానికి అది నిండు వ్యాగనే. బాక్స్-ఎన్ అనే మామూలు వ్యాగన్‌లో సుమారు 56 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది. బొగ్గు పోస్తే అంచుదాకా వస్తుంది. ఇనుప ఖనిజం పోస్తే సగం చోటు కూడా నిండకముందే 60 టన్నులు దాటిపోతుంది. ఇంకో బొచ్చెడు పోసినా ఇరుసు మీద భారం హద్దు మీరుతుంది. అందుకే ఈ రాయి కోసం రైల్వే వాళ్ళు బాయ్ అనే పొట్టి గోడల వ్యాగన్లు కూడా చేయించారు. గోడ ఎత్తు తగ్గిస్తే వ్యాగన్ సొంత బరువు తగ్గుతుంది, తగ్గిన మేరకు రాయి ఎక్కువ వెయ్యొచ్చు.

బాక్స్-ఎన్ వ్యాగన్లు 58 కలిస్తే ఒక రేకు. దాని పొడవు ఆరు వందల మీటర్ల పైమాటే. ఖనిజం సుమారు 3,500 టన్నులు, వ్యాగన్ల బరువుతో కలిపి దాదాపు 4,700 టన్నులు. ఈ రెండో అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

రేవుకు పోయే దారి అంతా దిగుడు కాదు

గని కొండ మీద ఉంది, రేవు సముద్రం ఒడ్డున ఉంది. కాబట్టి నిండు బండి హాయిగా దిగుతూ వచ్చేస్తుందని ఎవరైనా అనుకుంటారు. తూర్పు కనుమలు అంత సులువుగా దారి ఇవ్వవు. జగదల్‌పూర్ ఉన్నది సముద్ర మట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తులో. అక్కడి నుంచి బండి కోరాపుట్ పీఠభూమి ఎక్కాలి. ఆపైన అరకు దాటి శిమిలిగూడ చేరేసరికి ఎత్తు 996 మీటర్లు. 2008లో కాశ్మీర్ లోయలో రైలు నడిచేదాకా దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ ఇదే. 4,700 టన్నుల బరువును ముందు ఎక్కించి, ఆ తర్వాత దింపాలన్నమాట.

ఎక్కేటప్పుడు ఒక ఇంజిన్ చాలదు. రెండు మూడు జోడిస్తారు, అవసరమైన చోట వెనక నుంచి తోసే బ్యాంకర్ ఇంజిన్లు కూడా తగిలిస్తారు. బలం చాలకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. బలమంతా ముందే ఉంటే రేకు మొత్తం బరువు మొదటి వ్యాగన్ కొక్కెం మీద వేలాడుతుంది. ఏటవాలులో ఆ కొక్కెం తెగిందంటే ఏం జరుగుతుందో ఊహించడానికే భయం. వెనక నుంచి తోస్తే ఆ లాగుడు పంచుకున్నట్టవుతుంది.

ఆపడంలోనే ఉంది విద్య

నన్ను అడిగితే కేకే లైనులో అసలు గొప్పతనం శిమిలిగూడ దాటిన తర్వాతే మొదలవుతుంది. కరకవలస, బొర్రా గుహలు, చిమిడిపల్లి, త్యాడ, శివలింగపురం. ఈ స్టేషన్ల మీదుగా బండి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి మైదానంలోకి దిగాలి. ఈ లైనులో గట్టి వాలు 60కి 1. అంటే 60 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు దిగుతుంది. కాగితం మీద చిన్న అంకెలా కనిపిస్తుంది. ఇందాకటి 4,700 టన్నులను 60తో భాగించండి. ఇంజిన్ ఏమీ చేయకపోయినా దాదాపు 78 టన్నుల బలం ఆ బండిని కిందికి నెడుతూనే ఉంటుంది. ఒక్క క్షణం కూడా విరామం ఉండదు, మలుపుల్లో, సొరంగాల్లో, వానలో తడిసిన పట్టాల మీద కూడా.

దిగుడులో బండి ఎడ్ల మీద పడకుండా బండివాడు కాడిని వెనక్కి నిలేసి పట్టుకుంటాడే, ఇక్కడ లోకో పైలట్ చేసే పని అదే. చక్రాలను పట్టే బ్రేకు దిమ్మల మీదే భారమంతా వేస్తే అవి కాలిపోయేంత వేడెక్కుతాయి, వేడెక్కిన బ్రేకు పట్టు తప్పుతుంది. అందుకని మోటార్లనే బ్రేకులుగా వాడతారు. ఎక్కేటప్పుడు కరెంటు తీసుకుని చక్రం తిప్పిన మోటారు, దిగేటప్పుడు చక్రం తిప్పితే కరెంటు పుట్టిస్తుంది. పుట్టించడానికి పడే శ్రమే చక్రాన్ని అదుపులో ఉంచుతుంది. పాత ఇంజిన్లలో ఆ కరెంటు పైకప్పు కింది తీగచుట్టల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోయేది. కొత్త త్రీ-ఫేజ్ ఇంజిన్లు దాన్ని తిరిగి పైతీగలోకి పంపిస్తాయి.

ఎంత కరెంటు? 4,700 టన్నులు 900 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి లెక్క ప్రకారం 11 వేల యూనిట్ల పైచిలుకు. రాపిడికి, మోటార్ల నష్టాలకు, మామూలు బ్రేకుల వాటాకు చాలా పోతుంది. మిగిలినది తీగలోకి చేరి, అదే సమయంలో కొండ ఎక్కుతున్న ఖాళీ రేకుకు పనికొస్తుంది. స్వీడన్‌లోని కిరునా గనుల నుంచి నార్వేలోని నార్విక్ రేవుకు దిగే ఖనిజం బండ్లు కూడా ఇలాగే తమ ఖాళీ బండ్లకు కరెంటు ఇస్తాయి.

మనం మాట్లాడుకోని మనుషులు ఇంకా ఉన్నారు. బండికి అటు చివర, అర కిలోమీటరుకు పైగా వెనక, ఒంటరిగా కూర్చునే గార్డు. 2022 నుంచి ఆయన హోదా పేరు ట్రైన్ మేనేజర్. వానాకాలంలో లాంతరు, పేలుడు టపాసులు పట్టుకుని రాత్రంతా పట్టాల వెంట నడిచే పెట్రోలింగ్ సిబ్బంది. కొండచరియ జారిందని కనిపెడితే పట్టాల మీద ఆ టపాసు పెడతారు. ఇంజిన్ దాని మీదికి ఎక్కగానే పేలుతుంది, లోకో పైలట్ ఆపేస్తాడు. కేకే లైనులో బండరాళ్ళు పట్టాల మీద పడి రోజుల తరబడి రాకపోకలు ఆగిపోవడం కొత్తేమీ కాదు. ఆగినప్పుడు మనకు పత్రికలో వార్త కనిపిస్తుంది. ఎవరో నడిచి, చూసి, ఆపి, ప్రమాదం తప్పించిన రాత్రులు ఏ వార్తలోనూ ఉండవు.

అటు దంతెవాడ వైపు పనిచేసినవాళ్ళకు మరో భయం తోడైంది. మావోయిస్టులు పట్టాలు తప్పించిన, బండ్లను ఆపేసిన సంఘటనలు ఎన్నో. ప్యాసింజర్ బండిని కిరండూల్ దాకా పంపకుండా దంతెవాడలోనే నిలిపేసిన రోజులూ చాలానే ఉన్నాయి.

వాల్తేరులో విదేశీ ఇంజిన్లు

1980ల మొదట్లో ఈ లైనుకు కరెంటు వచ్చింది. ఆ దశాబ్దం చివర్లో రైల్వే శాఖ 18 భారీ ఇంజిన్లను దిగుమతి చేసుకుంది. ఆరు స్వీడన్ కంపెనీ ఏషియావి, పన్నెండు జపాన్ కంపెనీ హిటాచీవి. ఒక్కొక్కటి ఆరు వేల హార్స్‌పవర్. ఇవన్నీ విశాఖ షెడ్డుకే ఇచ్చారు. దేశానికి ముందుముందు ఎలాంటి ఇంజిన్ కావాలో తేల్చుకోవడానికి ఇంతకంటే కఠినమైన పరీక్ష మరెక్కడ దొరుకుతుంది? డబ్ల్యూఏజీ-6 పేరుతో తిరిగిన ఆ ఇంజిన్లు ఇప్పుడు సేవలో లేవు. ఖనిజం కొన్న జపాన్ నుంచే ఆ ఖనిజం లాగే ఇంజిన్లు కూడా వచ్చాయని విశాఖ పిల్లలకు చెప్పేవాళ్ళు ఉంటే బాగుంటుంది.

ఏడు కిలోమీటర్ల బండి

ఖనిజం బండ్ల గురించి మాట్లాడితే ఆస్ట్రేలియా పిల్బరా ఎడారి పేరు రాక తప్పదు. 2001 జూన్ 21న అక్కడ బీహెచ్‌పీ సంస్థ 682 వ్యాగన్లు, 8 ఇంజిన్లతో ఒకే బండి నడిపింది. పొడవు 7.3 కిలోమీటర్లు, మోసిన ఖనిజం 82 వేల టన్నులు. మన లెక్కలో 23 రేకులు. తగరపువలసలో ఇంజిన్ ఉంటే చివరి వ్యాగన్ దాదాపు భీమిలి దగ్గర ఉంటుంది. ఆపైన 2018లో రియో టింటో సంస్థ లోపల మనిషే లేని ఖనిజం బండిని రేవుకు చేర్చింది. దాన్ని నడిపించిన కేంద్రం దాదాపు 1,500 కిలోమీటర్ల దూరంలో, పెర్త్ నగరంలో ఉంది.

మనం ఎందుకు చేయలేం అని అడిగే ముందు నేలను చూడాలి. పిల్బరా లైన్లు ఖనిజం కంపెనీల సొంతం, జనం ఎక్కే బండ్లతో పంచుకోవు. నేల చాలావరకు చదును. అక్కడ ఇరుసుకు 40 టన్నుల దాకా భారం వేస్తారు, మన దగ్గర 23, 25 టన్నులు. కేకే లైనులో బండ్లు ఎదురుపడితే పక్కకు తప్పుకునే లూపు లైన్లు ఒక రేకు పట్టేటంత పొడవే. పైగా మలుపు తర్వాత మలుపు, దారి పొడవునా 58 సొరంగాలు. 2022 ఆగస్టు 15న మన రైల్వే కూడా సూపర్ వాసుకి పేరుతో 295 వ్యాగన్లు, మూడున్నర కిలోమీటర్ల బొగ్గు బండిని ఛత్తీస్‌గఢ్ మైదానంలో నడిపింది. అనంతగిరి ఘాట్‌లో ఆ పని చేయమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. పొడవులో వాళ్ళది రికార్డు కావచ్చు, వాలులో మనవాళ్ళ నేర్పు దానికేమీ తీసిపోదు.

అదే ఏడు విశాఖలో

1966 అనే ఏడాదిని ఇంకోసారి చూడండి. బైలదిల్లా ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి పట్టాలు సిద్ధమవుతున్నాయి. అదే ఏడు విశాఖ వీధుల్లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అంటూ జనం ఊరేగుతున్నారు. కాల్పుల్లో రాష్ట్రవ్యాప్తంగా 32 మంది ప్రాణాలు కోల్పోయారు. మన ప్రాంతం మీదుగా పోయే రాయి ఓడ ఎక్కి వెళ్ళిపోవడమేనా, ఇక్కడే ఉక్కుగా మారి మన పిల్లలకు పని ఇవ్వదా అన్నది ఆ ఉద్యమం అడిగిన ప్రశ్న. ఈ రెండింటినీ పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడూ కలిపి చెప్పరు. కలిపి చూస్తేనే ఆ కోపం ఎంత న్యాయమైనదో అర్థమవుతుంది.

1971 జనవరి 20న విశాఖ ఉక్కు కర్మాగారానికి ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 'గోదావరి' వెలిగింది 1990లో. అందులో పడ్డ ఖనిజం ఈ కేకే లైను మీద దిగినదే. ఇప్పటికీ విశాఖ ఉక్కుకు సొంత ఇనుప గని లేదు, బైలదిల్లా ఖనిజాన్ని కొనుక్కోవలసిందే. కర్మాగారం సామర్థ్యం ఏటా 73 లక్షల టన్నుల ద్రవ ఉక్కు. టన్ను ఉక్కుకు రమారమి టన్నున్నర పైన ఖనిజం కావాలి. పూర్తి సామర్థ్యంతో నడిస్తే స్థూలంగా రోజుకు తొమ్మిది రేకులు కొండ దిగితేనే ఆ కొలుముల ఆకలి తీరుతుంది. ఘాట్‌లో ఒక బండరాయి పట్టాల మీద పడితే ఆ దెబ్బ గాజువాక దాకా తగలడానికి కారణం ఇదే.

రేవు చేరాక

విశాఖ రేవు కూడా ఖనిజం కోసం పుట్టినదే. మధ్య పరగణాల మాంగనీసును ఓడలెక్కించడానికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే దాన్ని కట్టించింది. రాయ్‌పూర్–విజయనగరం లైను 1931లో పూర్తయింది, 1933లో రేవు తెరుచుకుంది. జపాన్ పెద్ద ఓడలు పంపుతామనేసరికి లోపలి రేవు ఇరుకైపోయింది. అప్పుడు సముద్రంలోకి అడ్డుగోడలు కట్టి, 1976 నాటికి ఔటర్ హార్బర్ సిద్ధం చేశారు. లక్ష టన్నులు దాటిన ఓడలు అక్కడ ఆగగలవు. అలాంటి ఒక్క ఓడ నిండాలంటే దాదాపు 29 రేకులు కొండ దిగి రావాలి.

వ్యాగన్లను పారలతో దించరు. టిప్లర్ అనే యంత్రం వ్యాగన్‌ను పట్టాలతో సహా పట్టుకుని బోర్లా తిప్పేస్తుంది. అరవై టన్నులు ఒక్క గుక్కలో కిందికి జారిపోతాయి. అక్కడి నుంచి కన్వేయర్ బెల్టు, తర్వాత గుట్టలు, తర్వాత ఓడ.

ఈ వైభవానికి వెల చెల్లించేవాళ్ళు ఉన్నారు. రేవుకు ఆనుకుని ఉన్న పాత పట్టణంలో ఆరేసిన బట్టల మీద, వంటింటి గట్టు మీద పేరుకునే దుమ్ము గురించి అక్కడి ఆడవాళ్ళను అడిగితే చెబుతారు. అటు గనుల వైపు శంఖిని నది ఎర్రబురదతో పాడైన సంగతి దశాబ్దాలుగా నమోదవుతూనే ఉంది. ఆ నీళ్ళనే నమ్ముకున్నది అడవిలోని ఆదివాసీ ఊళ్ళు. బెల్టులకు కప్పులు, గుట్టల మీద నీటి జల్లు, గనుల దగ్గర బురదను ఆపే చెరువులు ఉన్నంత మాత్రాన సరిపోదు. అవి ప్రతిరోజూ పనిచేస్తున్నాయా అని అడిగేవాళ్ళు ఉండాలి. గోస్తనీ ఒడ్డున బతికే మనం నది విలువ తెలిసినవాళ్ళం, అడగడానికి మనకు హక్కుంది.

రైలెక్కని ఖనిజం

బైలదిల్లా ఇనుములో కొంత అసలు బండి ఎక్కదు. సన్నని ఖనిజాన్ని పొడిగా నూరి, నీళ్ళతో కలిపి, గొట్టంలో విశాఖకు పంపుతారు. 2000ల నడుమ ఎస్సార్ సంస్థ వేసిన ఈ గొట్టం పొడవు 267 కిలోమీటర్లు. రైలు దారి 446, గొట్టం 267. ఎందుకింత తేడా? బండి వాలు వెతుక్కుంటూ జగదల్‌పూర్, కోరాపుట్ చుట్టి రావాలి. గొట్టం మల్కన్‌గిరి అడవుల మీదుగా అడ్డంగా వచ్చేస్తుంది. విశాఖలో నీళ్ళు తీసేసి, మిగిలిన పొడిని గోలీల్లాంటి పెల్లెట్లుగా కాల్చి ఓడెక్కిస్తారు. 2019 చివర్లో ఈ గొట్టం, పెల్లెట్ ప్లాంటు ఆర్సెలార్ మిట్టల్ నిప్పన్ స్టీల్ చేతికి వచ్చాయి. అందులో భాగస్వామి అయిన నిప్పన్ స్టీల్ జపాన్ సంస్థ.

ఇక ముందు

2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం ప్రకారం పాత వాల్తేరు డివిజన్ రెండు ముక్కలవుతోంది. విశాఖ కేంద్రంగా ఒక భాగం దక్షిణ కోస్తా రైల్వేలోకి, కొత్తవలస నుంచి బచేలి వైపు పోయే లైను కొత్త రాయగడ డివిజన్‌లోకి. అరకు మన రాష్ట్రంలోదే అయినా అక్కడి పట్టాల అజమాయిషీ రాయగడ చేతిలో ఉంటుంది. ఖనిజం రవాణా ఆదాయం ఎటు పోతుందన్న చర్చ ఉత్తరాంధ్రలో ఇందుకే అంత వేడిగా సాగింది.

మరోవైపు రెండో లైను పనులు జరుగుతున్నాయి. కొత్తవలస–కోరాపుట్, కోరాపుట్–జగదల్‌పూర్, జగదల్‌పూర్–కిరండూల్ మూడు ముక్కలుగా పని పంచారు. ఘాట్‌లో కొత్త సొరంగాలు తవ్వుతున్నారు, పాత వంతెనల పక్కన కొత్త స్తంభాలు లేస్తున్నాయి. ఒంటి లైను మీద నిండు రేకు దిగుతుంటే ఖాళీ రేకు స్టేషన్లో కాచుకుని ఉండాలి, ప్యాసింజర్ బండీ కాచుకుని ఉండాలి. రెండో లైను మొత్తం పూర్తయిన రోజు కొండ దిగే ఖనిజానికి, కొండ ఎక్కే మనుషులకు వేర్వేరు పట్టాలు దొరుకుతాయి.